రైట్ అంటే ఎటు?

నేను పని మానేసి ఇంట్లో కూర్చున్నా, మా దుకాణంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను వదలరు. వారానికి ఒక ఫోనైనా వస్తుంది. "సార్, ఇంటి అవసరానికి చిన్న ట్రాక్టర్ కావాలని ఒకాయన వచ్చిండు. గేరు బండి చెప్పాల్నా, పెడల్ బండి చెప్పాల్నా? గడ్డి కోసే మిషన్ ఎన్నడుగులది పెట్టమందాం?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే. "ఆయన వెంబడి ఎవరొచ్చిన్రు?"

ముసలాయనకు మతి పోయిందనుకుంటారు కాబోలు. అనుకోనివ్వండి. ఇంజన్ బలం, టైరు సైజు చదివి వినిపించడానికే అయితే మీరెందుకు నాయనా, కంపెనీ వాడు అచ్చేసిన రంగుల కాగితం చాలు. ఆ ప్రశ్న నాకెక్కడ అంటుకుందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. నాకు మధ్యలో అడ్డొస్తే కోపమొస్తుందని మీకు తెలుసు.

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్తుంటే ఒక సందు మలుపులో మా దుకాణం. ట్రాక్టర్ల దుకాణం ఈ రద్దీలో ఎందుకు పెట్టారయ్యా అని అడగని కస్టమర్ లేడు. పార్కింగ్ దొరక్క, ఆటోవాళ్లను తిట్టి, వాళ్లతో తిట్టించుకుని లోపలికొచ్చేవాళ్లు. ముందు చాయ్ పోసి వాళ్ల కోపం దించాలి, ఆ తర్వాతే వ్యాపారం. ముందు భాగమంతా ఇరుకే గానీ, వెనక మాత్రం పాతకాలపు పెద్ద కాంపౌండు ఉండేది. వానాకాలం అక్కడ గడ్డి మోకాలెత్తు పెరిగేది. మా సేఠ్ దాన్ని కావాలనే పెరగనిచ్చేవాడు, బండ్లు నడిపి చూపించడానికి.

పొలం చేసే రైతుకు మేం చెప్పేదేమీ ఉండదు. వస్తాడు, టైరును ఒక తన్ను తన్నుతాడు, బేరం మొదలుపెడతాడు. తిప్పలన్నీ ఊరవతల చేవెళ్ల దిక్కు, శంకర్‌పల్లి దిక్కు స్థలం కొని, నాలుగు చెట్లు పెట్టి ఇల్లు కట్టుకున్నవాళ్లతోనే. వాళ్లకు కావలసింది దుక్కి దున్నే బండి కాదు, గడ్డి కోసే బండి. అందులో రెండు రకాలు. ఒకటి మామూలు గేరు బండి. ఎడమ కాలితో క్లచ్ తొక్కాలి, చేత్తో గేరు మార్చాలి. రెండోది ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిరిగేది. దాని అసలు పేరు హైడ్రోస్టాటిక్. మా దుకాణంలో ఎవరికీ నోరు తిరగక అది పెడల్ బండి అయిపోయింది. కుడి పాదం ముందుకు నొక్కితే ముందుకు పోతుంది, మడమతో నొక్కితే వెనక్కి వస్తుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. గేర్ల రభస లేదు. ధర ఎక్కువ, బరువు లాగడంలో కొంచెం తక్కువ. చెట్ల మధ్య ఆగుతూ, తిరుగుతూ, వెనక్కి జరుగుతూ గడ్డి కోయడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

ఆ ఏడు వానలు ముదిరాక ఒక మధ్యాహ్నం ముగ్గురొచ్చారు. పెద్దాయన, ఆయన భార్య, వాళ్ల కూతురు. కూతురు హిమాయత్‌నగర్‌లో ఉంటుందట, ఇంగ్లీషు మీడియం బడిలో టీచరు. ఆమే మాటలు మొదలుపెట్టింది, కుర్చీలో కూడా కూర్చోకుండానే.

"సార్, మా బాపుది చేవెళ్ల దాటినంక ఎకరం జాగ ఉన్నది. మామిడి చెట్లు, సపోట చెట్లు. గడ్డి గింత ఎత్తు పెరిగింది. గడ్డి కోయనీకి మనుషులు దొరుకుతలేరు. మొన్న బాత్రూమ్ కాడ పాము కనపడ్డది. నేనైతె ఇల్లు అమ్మేసి నా తాన ఉండమంటున్న. వీళ్లు ఇంటలేరు. ఆఖరుకు ట్రాక్టర్ కొంట అంటున్నడు. నడపొస్తదా రాదా ఇయ్యాల తేలిపోవాలె. రాకపోతే అమ్ముడే, ఇగ మల్ల మాట లేదు."

పెద్దాయన గోడకున్న పంపుసెట్టు బొమ్మ వైపు చూస్తూ నిలబడ్డాడు. తెల్లటి ఖద్దరు చొక్కా, జేబులో కళ్లజోడు. కూతురు మాట పూర్తి కాగానే ఒక్కసారి మా వైపు తిరిగాడు.

"సిటీ బస్సు నడిపిన నేను. కోఠి, అఫ్జల్‌గంజ్, నాంపల్లి, గీ సందులన్నిట్ల. నాకు నడపొస్తదా అని అడుగుతున్నది నా బిడ్డ!"

"బస్సు వేరు బాపూ. అప్పుడు నీ మోకాలు బాగుండె."

అదీ సంగతి. సిటీ బస్సు డ్రైవర్లను మీరు ఎక్కడైనా గమనించండి, ముందు ఎడమ మోకాలే పోతుంది. రోజంతా సిగ్నల్ సిగ్నల్‌కీ క్లచ్ తొక్కి తొక్కి గుజ్జు అరిగిపోతుంది. డాక్టర్ క్లచ్ తొక్కవద్దన్నాడట. కారు తాళాలు కూతురు తీసుకెళ్లిపోయింది. అప్పటి నుంచి మనిషి సరిగ్గా మాట్లాడడం లేదట. ఇదంతా చెప్పింది ఆయన భార్య, చాయ్ సాసర్లో పోసుకుంటూ, చాలా తాపీగా.

"ఆయన డ్రైవర్ సార్. నేను గదే బస్సుల కండక్టర్‌ను. గాడనే పరిచయం, గాడనే లగ్గం మాట. నా బస్సు ఆయన నడిపిండు, నా సంసారం నేను నడిపిన."

"ఏమే, ట్రాక్టర్ల దుకాణంల గీ ముచ్చట్లెందుకు?" అన్నాడు పెద్దాయన. అన్నాడు గానీ, మొహంలో కొంచెం నవ్వు వచ్చింది.

నేను పెడల్ బండి చూపించాను. ఆయన దాని చుట్టూ ఒక చక్కర్ కొట్టి, క్లచ్ ఉండాల్సిన చోట వంగి చూశాడు. "క్లచ్ లేదు, గేర్ రాడ్ లేదు. గిది బండేంది సార్, పిల్లలు ఆడుకునేది. నాకు గేరు బండి కావాలె. గడ్డి మిషన్ గూడ పెద్దది, ఐదడుగులది. రెండు చక్కర్లల్ల తోట సాఫ్ గావాలె."

"అన్నా, మిషన్ సైజు తోట చూసి కాదు, ముందు గేటు చూసి చెప్పాలె. తోటలకు పొయ్యే గేటు ఎంతున్నది?"

"లారీ పడతది."

"ఏ లారీ పడతదయ్యా? పిల్లలు ఆడుకునే లారీనా?" అంది భార్య. "సార్, ఆ గేటు నడుమ నిలవడి నేను చేతులు చాపితె రెండు దిక్కుల తాకుతయి."

మా మెకానిక్‌కు ఇలాంటివంటే సంబరం. వాడు టేపు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆమె దుకాణం మధ్యలో కొంగు బొడ్డున దోపుకుని, చేతులు చాచి నిలబడింది. ఐదడుగులకు బెత్తెడు తక్కువ తేలింది. ఐదడుగుల మిషన్ కొంటే దాన్ని తోట బయటే పూజ చేసి పెట్టుకోవాలి. పైగా వెడల్పు మిషన్ ఎగుడుదిగుడు నేల మీద ఒకచోట గడ్డి వదిలేస్తుంది, ఇంకోచోట మట్టికి గుండు గీస్తుంది. చెట్ల నడుమ తిరగదు కూడా. మిషన్ బండి చక్రాలు దాటి కాస్త బయటికి వస్తే చాలు, నాలుగడుగులది ఇంటికి ఎక్కువే. ఈ మాట ఆయన ఒప్పుకున్నాడు. గేరు దగ్గర మాత్రం మెట్టు దిగలేదు.

"సరే, రెండూ నడిపి చూడున్రి," అన్నాను.

వెనక కాంపౌండులోకి వెళ్లాం. ముందు గేరు బండి ఎక్కాడు. ఎక్కడంలోనే ఎడమ కాలిని చేత్తో పట్టుకుని పైకి లేపాడు, అది చూడనట్టు మేం అటూ ఇటూ చూశాం. సీట్లో కూర్చున్నాక మాత్రం మనిషి మారిపోయాడు. అద్దం లేని చోట అద్దం సర్దబోయాడు కూడా. క్లచ్, గేరు, బండి కదిలింది. ఎంత హాయిగా పోనిచ్చాడంటే నాకే ముచ్చటేసింది. చివరన తిప్పాల్సి వచ్చింది. క్లచ్, వెనక్కి. మళ్లీ క్లచ్, ముందుకు. మళ్లీ క్లచ్. అక్కడ కాలు వణికింది. బండి ఎగిరినట్టు ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

ఆయన దిగలేదు. మోకాలి మీద చెయ్యి వేసుకుని కాసేపు కూర్చున్నాడు. "బండి కొత్తది గదా, టైట్ గున్నది," అన్నాడు. కూతురు పెదవి కొరుక్కుంటోంది. నాకూ అప్పటికి రిటైర్మెంట్ దగ్గరపడింది, ఇక నీతో కాదు అనే మాట ఎవరు ఎవరితో అన్నా నాకు ఒళ్లు మండేది. అందుకే ఆయన నోరు తెరిచేలోపు పెడల్ బండి స్టార్ట్ చేయించి తెచ్చి పక్కన నిలబెట్టాను.

ఎక్కాడు. నాలుగడుగుల మిషన్ దానికి బిగించి ఉంది, బ్లేడ్లు మాత్రం తిరగనివ్వలేదు. ముందు నడపడం, తర్వాత కోయడం, అది మా పద్ధతి. ఇక చూడాలి ఆయన ఎడమ కాలు! లేని క్లచ్ కోసం కాళ్ల కింది ఖాళీ రేకును టపటపా తొక్కుతోంది. మా మెకానిక్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ఎట్లాగో కుడి పాదం నొక్కాడు. బండి మెల్లగా కదిలింది. బెదురుగానే అయినా తిన్నగా పోయింది. ఎదురుగా గోడ, గోడ ముందు ఖాళీ ఆయిల్ డ్రమ్ములు, వాటి పక్కన మా సేఠ్ స్కూటర్. కుడి వైపు తిప్పుకోవడానికి బోలెడు జాగా ఉంది. ఆయన తిప్పేవాడే.

ఈలోగా కూతురు గట్టిగా అరిచింది. "బాపూ, రైట్! రైట్!"

ఆయన తల కూడా తిప్పలేదు. నడుం నిటారుగా చేసి, పాదం ఇంకా గట్టిగా నొక్కాడు. బండి డ్రమ్ముల మీదికి తిన్నగా దూకింది. కూతురు ఇంకా గట్టిగా "రైట్, రైట్!" అంటోంది, ఆయన ఇంకా నొక్కుతున్నాడు. డ్రమ్ములు దడదడా దొర్లి స్కూటర్ మీద పడ్డాయి. నేను పరుగెత్తానో నిలబడిపోయానో గుర్తులేదు. గోడ బెత్తెడు దూరంలో ఉండగా వెనక నుంచి ఒక కేక వచ్చింది.

"హోల్డాన్!"

కాలు పైకి లేచింది. బండి అక్కడికక్కడే ఆగింది.

ఒక డ్రమ్ము మాత్రం ఇంకా దొర్లుతూ ఉంది. కూతురు ముందుగా తేరుకుంది. "చాలు బాపూ. నే చెప్తనే ఉన్న. కనపడ్తలేదా నీకు, ఇనపడ్తలేదా? గోడకు కొట్టుకుంటె ఏమయ్యేది? ఇగ దిగు. ఇల్లు అమ్మేద్దాం." కోప్పడుతోంది గానీ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఆమె భయం ఆమెది, దాన్ని తప్పు పట్టలేం.

ఆయన ఇంజన్ ఆపాడు. తాళం చెవి తీసి, దిగి, కుంటుకుంటూ వచ్చి నా చేతిలో పెట్టాడు. "ఔ బిడ్డా. నువ్వన్నదే నిజం. నాతోని కాదు." అంతే అన్నాడు. ఎన్నో గడ్డు బేరాలు చూశాను గానీ, ఆ తాళం అందుకున్నప్పుడు కలిగినంత బాధ నాకు ఏ బేరంలోనూ కలగలేదు.

భార్య మాత్రం తాపీగా నడిచి వచ్చింది, బస్సులో రద్దీని తోసుకుంటూ వచ్చినట్టు. కూతురి ముందు నిలబడింది.

"ఏమని అరిచినవే?"

"రైట్ అన్న. కుడి దిక్కు తిప్పుమన్న. ఇంటేగా!"

"రైట్ అంటే నీ అయ్యకు కుడి దిక్కా?"

కూతురికి అర్థం కాలేదు. నాకూ కాలేదు, నిజం చెప్పాలంటే.

"బస్సుల నేను రైట్ రైట్ అంటె మీ బాపు ఏం చేస్తుండె?"

కూతురు చిన్నగా అంది. "పోతుండె."

"మల్ల? నువ్వు రైట్ అన్నవు, పోయిండు. ఇంకా రైట్ రైట్ అన్నవు, ఇంకా జోరుగ పోయిండు. నేను హోల్డాన్ అన్న, ఆగిండు. చెవులు మంచిగున్నయి, కాలు మంచిగున్నది. తప్పు టికెట్ కొట్టింది నువ్వు, దింపుడు ఆయన్నా?"

మా మెకానిక్ ఇక ఆగలేదు, కడుపు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. పెద్దాయన మాత్రం బిత్తరపోయి చూస్తున్నాడు. తను ఎందుకు నొక్కాడో ఆయనకే అప్పటిదాకా తెలియదు. "ఔనే," అన్నాడు చివరికి. "రైట్ అని ఇనపడ్డది. పొమ్మన్నరనుకున్న." ఆ మాటతో కూతురు నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, ఆయన భుజం మీద తల పెట్టి. "మా అమ్మ తోడు బాపూ, నేను మర్చేపోయిన. బడిల పిల్లలకు లెఫ్ట్, రైట్ చెప్పి చెప్పి..."

అయినా ఆయన మళ్లీ ఎక్కనన్నాడు. డ్రమ్ముల చప్పుడు ఆయన గుండెలో ఇంకా మోగుతోంది. నేను బతిమాలాను, మెకానిక్ బతిమాలాడు. కూతురు కూడా, ఆశ్చర్యం, ఒక్కసారి ఎక్కు బాపూ అంది. వినలేదు. భార్య బతిమాలలేదు. నా చేతిలోంచి తాళం తీసుకుని ఆయన జేబులో వేసింది. "ఎక్కెటోళ్లు ఎక్కిన్రు. టైమైతున్నది. డ్రైవర్ సాబ్ ఎక్కుతడా, డిపోకు చెప్పాల్నా?" అంది. ఆయన సణుక్కుంటూ ఎక్కాడు. ఆమె బండి వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి, నాంపల్లి స్టేషన్ దాకా వినపడేలా కేక వేసింది.

"రైట్ రైట్!"

పోయాడయ్యా! ఎడమ కాలు చక్కగా రేకు మీద కుదురుగా ఉంది. "హోల్డాన్" అంటే ఆగాడు. "కుడి దిక్కు కొట్టు" అంటే కొట్టాడు. "ఎన్కకు రానీ, రానీ, రానీ" అంటే మడమతో నొక్కి సందులోకి బస్సు పెట్టినట్టు డ్రమ్ముల మధ్యలోకి పెట్టాడు. మూడో చక్కరులో మేం బ్లేడ్లు తిప్పాం. ఆ ఏడాది మా సేఠ్ పెంచిన గడ్డి అంతా ఆ సాయంత్రమే అయిపోయింది. దుకాణం ముందు ఆటోలవాళ్లు కూడా వచ్చి చూశారు. బండి ఆగాక ఒకడు బస్సులో ప్యాసింజరులా "దిగొచ్చా అమ్మా?" అని ఆమెను అడిగాడు.

పెడల్ బండి, నాలుగడుగుల మిషన్ కొన్నారు. సేఠ్ మాత్రం స్కూటర్ అద్దం గురించి నాతో వారం రోజులు ముభావంగా ఉన్నాడు.

మరుసటి ఏడు, నేను ఇంకా కొలువులోనే ఉన్నప్పుడు, ఒక పొద్దున ఆయన ఫోన్ చేశాడు. "సార్, మీ బండి కదుల్తలేదు. మొండికేసింది. గడ్డి మల్ల మోకాలు దాక వచ్చింది. బిడ్డ ఆదివారం వస్తనన్నది, చూస్తే మల్ల ఇల్లు అమ్ముదామంటది." గొంతులో ఫికర్ తెలుస్తోంది. నేనూ మెకానిక్కూ అన్ని పనులూ పక్కన పెట్టి చేవెళ్ల దాటి పోయాం.

మెకానిక్ ఆయిల్ చూశాడు, ఫిల్టర్ చూశాడు, బ్యాటరీ చూశాడు. తనే ఎక్కి ఒక చక్కర్ తిప్పాడు. బండి వెన్నలా నడిచింది. "మీరెక్కున్రి అన్నా," అన్నాను. ఆయన ఎక్కాడు, స్టార్ట్ చేశాడు, పెడల్ మీద పాదం పెట్టాడు. పాదం అక్కడే ఉంది. ఇంజన్ కొట్టుకుంటూనే ఉంది, బండి కదల్లేదు. "సూసిన్రా?" అన్నాడు నా వైపు తిరిగి, మొహంలో ఎక్కడా నాటకం లేదు.

నాకప్పుడు తట్టింది. మేమొచ్చి ఇంతసేపైనా లోపల్నుంచి ఒక్క మాట వినపడలేదు, చాయ్ రాలేదు.

"అక్క ఏది అన్నా?"

"బిడ్డ తాన ఉన్నది హిమాయత్‌నగర్ల. కంటి ఆపరేషన్ అయింది, చుక్కల మందు ఏస్తున్నరు. ఆమె పోయిన కాడికెళ్లే బండి గిట్ల మొరాయిస్తున్నది."

ఫోన్ తీసి ఆమెకు చేశాను, స్పీకర్ పెట్టాను.

"ఏమాయె సార్, మల్ల డ్రమ్ములు పడేసిండా?"

"లేదక్కా. బండి కదుల్తలేదంట."

ఆమె గొంతు మెత్తబడింది. "గింత దానికి మిమ్ముల గంత దూరం రప్పిచ్చిండా? ఫోన్ ఆయన చెవి కాడ పెట్టున్రి."

పెట్టాను. కళ్లకు పచ్చటి గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్న మనిషి, అక్కడ అపార్ట్‌మెంట్ అంతా ఉలిక్కిపడేలా అరిచి ఉంటుంది. "రైట్ రైట్!"

పాదం దిగింది. బండి నా చేతిలోంచి ఫోన్ కూడా లాక్కుని మామిడి చెట్ల మధ్యలోకి పోయింది. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తోట అటు చివర నుంచి, ఇంజన్ చప్పుడు మీదుగా, సన్నగా ఆమె గొంతు వినపడుతూనే ఉంది. హోల్డాన్ అంటోంది, కుడి దిక్కు అంటోంది, సపోట కొమ్మ జర చూసుకో అంటోంది, కళ్లకు గంతలతో, ఎక్కడో హిమాయత్‌నగర్లో కూర్చుని. గడ్డి వరుసగా పడుతూ పోయింది. నేనూ మెకానిక్కూ గేటు దగ్గర అరుగు మీద కూర్చుని నా ఫోన్ తిరిగొచ్చేదాకా చూశాం.

వెనక్కి వస్తుంటే మెకానిక్ అడిగాడు. "అన్నా, పొద్దంతా పోయింది. బండికి ఏం కరాబయిందని సేఠ్ అడిగితె ఏం చెప్దాం?"

"బండికేం కాలేదు. కండక్టర్ సెలవుల ఉన్నదని చెప్పు," అన్నాను.